పద్నాలుగో గడి

మా పక్కింటి ప్లీడరుగారు మొన్న మద్రాసు నుంచి ఒక కుక్కపిల్లను తెప్పించుకున్నారు. పిల్ల రైల్లో బుట్టలో వచ్చింది. దాని వంశవృక్షం మాత్రం దర్జాగా రిజిస్టరు పోస్టులో వచ్చింది. పిల్ల ఇంకా ఇల్లంతా తడుపుతూ ఉండగానే ఆయన ఆ కాగితానికి అద్దం కట్టించి, హాల్లో తాతగారి ఫొటో పక్కన తగిలించి, నన్ను పిలిచి చూపించారు. తాతగారి నాన్న పేరేమిటని అడిగితే కాసేపు మీసం దువ్వుకున్నారు గానీ, కుక్కపిల్ల ముత్తాత ఏయే ఊళ్ళలో బహుమతులు కొట్టిందో గడగడా అప్పజెప్పారు. నాకు నవ్వు ఆగలేదు.

"ఏమండీ, నమ్మకం కుదరలేదా?" అన్నారాయన నొచ్చుకుని.

"కుదరకేమండీ. ఇలాంటి కాగితం ఒకటి నేనూ రాశాను ఒకప్పుడు. అందులో ఒక పేరు నా సొంత కవిత్వం" అన్నాను.

ఆయన అదేదో హాస్యమనుకుని కాఫీ తెప్పించారు. ఇంటికి వచ్చి కూర్చున్నాక కుక్కల అవ్వ కళ్ళముందు నిలబడి కదలలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

కుక్కల అవ్వ అన్నది జనం పెట్టిన పేరు. అసలు పేరు నా చేత్తోనే ఆసుపత్రి రిజిస్టరులో రాశాను గానీ, ఇక్కడ రాయను. పేరడిగితే ఆమెకు విసుగు. "నా పేరుతో నీకేం పని సామీ? జబ్బు నాకా? కుక్క పేరు రాయి" అనేది.

నేనప్పుడు కడప పశువుల ఆసుపత్రిలో గుమస్తాను. వచ్చిన పశువు ఎవరిది, ఏ ఊరు, ఏం జబ్బు అని రాసుకోవడం నా పని. ఒక ఎండాకాలం ఉదయం ఆమె వేంపల్లె బస్సు టాపు మీదనుంచి దిగి వచ్చింది. కుక్కను టాపు మీద వెయ్యమని కండక్టరు అంటే, దానితోపాటు తనూ ఎక్కి మూటల మధ్య కూర్చుని వచ్చిందట. పొడుగాటి మనిషి, సన్నగా ఎండిపోయి ఉండేది. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. చేతుల్లో బూడిద రంగు ఆడకుక్క, పొడుగుకాళ్ళ వేటకుక్క. దాని డొక్క కంచె ముల్లు తగిలి జేనెడు పొడుగున చీరుకుపోయింది.

డాక్టరుగారు కుట్లు వేస్తుంటే నేను రిజిస్టరు తెరిచాను. "ఏ జాతి?" అన్నాను.

"కరువు జాతి" అంది.

"అలాంటి జాతి ఏదీ లేదే అవ్వా."

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి బిడ్డ ఎవరు, ఎవరి పాలు ఎవరు తాగారు, ఎవరు ఏ వాగు దగ్గర ఎన్ని చెవులపిల్లుల్ని పట్టారు. అక్కడివాళ్ళు కుందేలును చెవులపిల్లి అంటారు. నేను తలూపుతూ అంతా విని, కలం ముంచి 'దేశవాళీ' అని రాశాను. ఆమె నా ముఖం చూడలేదు, నా కలాన్నే చూస్తూ ఉంది.

"నేనంత సేపు చెప్తే నువ్వింత పొట్టిగా రాసినావే. సదువు."

చదివాను.

"దేశవాళీ అంటే?"

"మన దేశంలో పుట్టిందని."

"నువ్వూ మన దేశంలోనే పుట్టినావు. నీకూ అదే రాసినారా?"

డాక్టరుగారు సూది పట్టుకునే నవ్వారు. నేను మూతి ముడుచుకుని పక్కన మార్జినులో 'కరువు సంతతి' అని రాయవలసి వచ్చింది. మళ్ళీ చదివించుకుని, అప్పుడు కదిలింది.

ఆమెకు చదువు రాదు. కానీ తను ఎంత చెప్పిందో, కలం ఎంత కదిలిందో బేరీజు వేసుకునేది. మా ఆఫీసులో ఆ లెక్కకు దొరకని గుమస్తా లేడు.

తరవాత ఆ కుట్లు చూడటానికని ఒకసారి, ఊరికే రెండుసార్లు, ఆమె పల్లెకు వెళ్ళాను. వేంపల్లెకు రెండు మైళ్ళు ఉంటుంది. రెండెకరాల బుడ్డల చేను, అంటే వేరుశెనగ, రాతి గోడల ఇల్లు, ముంగిట్లో నీడకు వేసిన బోదగడ్డి పందిరి, దాని కింద ఎప్పుడూ నాలుగైదు కుక్కలు. ఆదివారం ఆమె గుడికి పోతే అవీ పోయి బయట అరుగు మీద పడుకునేవి. పాస్టరుగారి ప్రసంగం ఎంత సాగినా కదలవు గానీ, ఆఖరి పాట ఎత్తుకోగానే లేచి ఒళ్ళు విరుచుకునేవట. ఏది ఆఖరి పాటో వాటికెలా తెలుస్తుందని పాస్టరుగారికి పెద్ద సందేహం.

కరువు ఎవరో అక్కడే విన్నాను. ఒక ఏడు వానలు లేక జనం మూటాముల్లె కట్టుకుని దారుల వెంబడి పోతున్నప్పుడు, ఎవరిదో బండి వెనక నడుచుకుంటూ ఒక ఎర్రకుక్క వచ్చింది. బండి ఆగలేదు, కుక్క ఆగిపోయింది. ఒక చెవి సగం లేదు. పక్కటెముకలు బయటినుంచే లెక్కపెట్టుకోవచ్చు. అవ్వ గంజి పోసింది. మూడో రోజు సాయంత్రం, ఊళ్ళో పేరున్న వేటకుక్కలు మూడు తరిమి తరిమి వదిలేసిన చెవులపిల్లిని అది ఒక్కతే పట్టి, తినకుండా తెచ్చి ఇంటి వాకిట్లో పెట్టింది. "నేను గంజి పోసినాను గదా, దానికి బదులు అనుకునిందేమో" అనేది అవ్వ. కరువు ఏడు గనక ఆ ఏటి పేరే దానికి పెట్టింది. తరవాత పులివెందుల వైపు గొల్లవాళ్ళ దగ్గర్నుంచి మంచి మగకుక్కల్ని వెతికి వెతికి జత కట్టించింది. కరువుకు పుట్టినది మసి. మసికి పుట్టినది తంగేడు. ఆ పిల్లలు ఎత్తుగా, సన్నని నడుముతో చూడముచ్చటగా వచ్చాయి. గొల్లవాళ్ళ కుక్కల వల్ల వచ్చిన అందమది. అలుపు లేని పరుగు మాత్రం ఎర్రకుక్కదే అని ఆమె వాదం.

పేర్లు చెప్పేటప్పుడు ముందు బొటనవేలు చూపించేది. "ఇది కరువు." తరవాత ఒక్కొక్క వేలూ ముడిచి ఆ బొటనవేలి మీద పెట్టేది. తండ్రుల్ని రెండో చేతి మీద లెక్కపెట్టేది, వాళ్ళ తాతల వరకు.

ఆమె పిల్లల్ని అమ్మేది కాదు. ఇచ్చేది. ఇచ్చే పద్ధతి చూసి తీరాలి. కడపలో నేను తరవాత చూసిన ప్రదర్శనలో కుక్కల్ని నిలబెట్టి మనుషులు పరీక్ష చేశారు. ఆమె పందిరి కింద కుక్కలే మనుషుల్ని పరీక్ష చేసేవి. పిల్ల కోసం వచ్చినవాణ్ణి నేలమీద కూర్చోబెట్టి తల్లికుక్కను వదిలేది. అది వాసన చూసి పక్కన పడుకోవాలి. లేచి అవతలికి పోయిందంటే ఆ సంబంధం తప్పిపోయినట్టే. తరవాత ప్రశ్నలు. కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో ఎవరు దానికి పెడతారు, కోపమొస్తే చేతికి ఏది దొరికితే దానితో కొట్టే అలవాటుందా. గుర్రం మీద వచ్చిన ఒక అధికారిని ఒక్క ప్రశ్నా వెయ్యకుండా పంపేసింది. ఎందుకవ్వా అంటే, "గొంతు పెద్దది. పిల్లకు చెవులు నొస్తాయి" అంది.

ఇవన్నీ దాటినవాడు ఆఖరికి లేచి నిలబడి, పిల్ల తల్లుల పేర్లు కరువుతో మొదలుపెట్టి తప్పు లేకుండా అప్పజెప్పాలి. అప్పుడు పిల్లను వాడి పైగుడ్డలో పెట్టేది. ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఆమె కుక్క ఉన్నా, అడిగితే అదే వరస, అవే పేర్లు. పుస్తకం లేదు, ముద్ర లేదు, ఎవరూ తగువు పడిందీ లేదు.

అలా పిల్లను పట్టుకెళ్ళిన వాళ్ళలో ఒకాయన కడప బండల వ్యాపారి. స్టేషను దగ్గర ఆయన కొట్టు, నల్లబండలు నిలువెత్తు పేర్చి ఉండేవి. అందరూ బండల సాయిబు అనేవాళ్ళం. శుక్రవారం నమాజు అయ్యాక కుక్కను తీసుకుని కొండల వైపు పోతే మళ్ళీ దీపాల వేళకు గానీ రాడు. కుక్క ఇంటి గడప తొక్కరాదని వాళ్ళమ్మగారి ఆజ్ఞ. అందుకని బండల కొట్టులో దానికో మంచం వేయించాడు, తను నేలమీద కూర్చునేవాడు. తంగేడు కొడుకు అది. జొన్న రంగులో ఉంటుందని అవ్వ దాన్ని జొన్నోడు అనేది. సాయిబు సుల్తాన్ అని పిలిచేవాడు. ఎవరు ఏ పేరున పిలిచినా అది వచ్చేది.

ఇలా ఉండగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక చలికాలం, కడపలో ఏటా జరిగే పశువుల ప్రదర్శనతోపాటు కుక్కల ప్రదర్శన కూడా పెట్టారు. కాగితాల పని నా నెత్తిన పడింది. మద్రాసులో కుక్కల సంఘం ఒకటుందని, వాళ్ళ దగ్గర జాతికుక్కల పేర్లన్నీ ఎక్కించే పెద్ద పుస్తకం ఉందని అప్పుడే తెలిసింది. మన వైపు వేటకుక్కలకు ఆ పుస్తకంలో చోటు లేదట. ఈసారి న్యాయనిర్ణేతగా వచ్చే ముసలి దొర మంచి కుక్క కనిపిస్తే కొత్తగా పేజీ తెరిపిస్తానన్నాడట. మూడు తరాల పేర్లు కావాలి, పెంచిన మనిషి సంతకమో వేలిముద్రో పడాలి.

సాయిబు ఈ కబురు వినగానే నన్నూ బస్సెక్కించుకుని అవ్వ దగ్గరికి పోయాడు. ఆమె రాదనుకున్నాను. చాలాసేపు పందిరి గుంజకు ఆనుకుని నిలబడి, "ఆ పుస్తకంలో ఎక్కితే ఎన్నాళ్ళుంటాయి పేర్లు?" అని అడిగింది.

"శానా ఏండ్లు అవ్వా. మనం పోయినాక గూడా" అన్నాడు సాయిబు.

"నా కొడుకులకు చేను తప్ప ఏమీ పట్టదు. కోడలికి కుక్కలంటే ఇష్టమేగానీ పేర్లు మర్చిపోతాంది. నేను పోతే ఇయ్యన్నీ నాతోనే మట్టిలోకి పోతాయని రాత్రిళ్ళు నిద్ర పట్టదప్పా. వస్తా. రాయించు."

ఆమె ఏదైనా కావాలని అడగడం నేను చూసింది అదొక్కసారే.

ప్రదర్శన రోజు మైదానంలో తాళ్ళు కట్టి చదరంగా బరి చేశారు. లోపలికి పోయేవాళ్ళ జబ్బకు నంబరు కట్టారు. పిల్లకుక్కలు ఒక వరస, మొదటిసారి వచ్చినవి ఒక వరస, అన్నిటికీ కలిపి ఇంకో వరస. అధికారుల బంగళాల నుంచి రకరకాల కుక్కలు వచ్చాయి. ఒక బంట్రోతు బల్ల మీద బొచ్చుకుక్కను నిలబెట్టి దువ్వెనతో దువ్వుతున్నాడు. అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా చెవిలో, "దీనికి మొహం యాపక్క ఉండాదప్పా?" అంది.

దొర ఎముకల పోగులా ఉన్నాడు, చేతికర్రతో నడుస్తున్నాడు. ఒక్కొక్క కుక్క నోరు తెరిచి పళ్ళు చూశాడు, వీపు మీద చెయ్యి పెట్టి తోకదాకా నిమిరాడు, అటూ ఇటూ నడిపించి కాళ్ళు పడే తీరు చూశాడు. అవ్వకు ఇదంతా బాగానే నచ్చింది గానీ ఒక సందేహం మిగిలింది.

"పరిగెత్తించరా?"

"లేదవ్వా, నడిపిస్తారంతే."

"చెవులపిల్లిని సూపీకుండా ఏది మంచిదో ఎట్ల తెలుస్తాది?"

అయినా దొరకు కన్నుంది. సుల్తాన్ ముందుకు రాగానే కర్ర పక్కవాడికిచ్చి, వంగి, రెండు చేతులతో దాని గుండె తడిమాడు. దేశపు వేటకుక్కల్లో మొదటి బహుమతి దానిదే అని ఎర్రకార్డు ఇచ్చాడు. సాయిబు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. అవ్వ మాత్రం జొన్నోడి దగ్గరికి పోయి, "ఊరికే నడిస్తే ఇచ్చినారురా నీకు" అని చెవులు గీరింది.

ఆ తరవాత డేరాలో బల్ల దగ్గర కూర్చున్నాం. తెలుగు రాని దొర ఎదురుగా, నేను ఫారంతో పక్కన, సాయిబు నా వెనక. అవ్వ కుర్చీ వద్దని నేలమీద కూర్చుంది. ఫారం పైన కుక్క పేరు, రంగు, పుట్టిన నెల, పెంచినవాళ్ళు, ఇప్పటి యజమాని. కింద పద్నాలుగు గడులు. తల్లిదండ్రులిద్దరు, వాళ్ళ తల్లిదండ్రులు నలుగురు, వాళ్ళ తల్లిదండ్రులు ఎనిమిది మంది. తండ్రి వైపు పైన, తల్లి వైపు కింద. అలా వేసుకుంటూ పోతే తల్లి తల్లి తల్లి అన్నిటికంటే అట్టడుగున, చివరి గడిలో పడుతుంది. అవ్వ లెక్కలో బొటనవేలు ఎవరో, ఫారం లెక్కలో పద్నాలుగో గడి వాళ్ళే.

ఆమె చెప్పింది, నేను రాశాను. పదమూడు పేర్లు నిండాయి. దొర ఒక్కొక్క పేరుకూ అది ఏ రకం, ఎవరి కుక్క అని అడిగాడు, ఆమె తడుముకోకుండా చెప్పింది. పద్నాలుగోది దారిన పోయే బండి వెనక వచ్చిన కుక్క. జాతి తెలియదు, తల్లిదండ్రులు తెలియదు. అదొక్కటి రాస్తే ఫారం చెత్తబుట్టకే. సాయిబు నా వీపు వెనక నుంచి గుసగుసగా, "ఏదో ఒకటి రాయప్పా, నీకు పుణ్యముంటాది" అన్నాడు. నాకూ ఆ ఫారం నిండాలనే ఉంది. నింపడం తప్ప జీవితంలో నేను చేసిందేముంది? దొర అడిగిన ప్రశ్నకు అవ్వ కరువు కథ మొదలుపెట్టగానే నేను దొరకు ఇంగ్లీషులో ఏవో రెండు ముక్కలు కల్పించి చెప్పి, 'గండికోట రాణి' అని రాసేశాను. ఆ పేరు ఎక్కడినుంచి ఊడిపడిందో ఇప్పటికీ తెలియదు. రాశాక చూసుకుని ముచ్చటపడ్డాను కూడా.

దొర సంతోషంగా సిరాదిండు ఇటు తోశాడు. అవ్వ బొటనవేలు ముందుకు చాచి, ఆగింది.

"నేను శానా చెప్పినా. నువ్వు రొండు మాటలు రాసినావు. సదువు."

పదమూడూ గట్టిగా చదివి పద్నాలుగోది గొణిగాను.

"ఎవరూ?"

"గండికోట రాణి" అన్నాను.

"అదెవురప్పా? గండికోట యాడ, మా పల్లె యాడ. నా ఇంటికి రాణి వచ్చింటే నాకు తెలిసేదే గదా."

సాయిబు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, ఒక్క గడి. అట్టడుగున ఉండాది, ఎవురూ సూడరు. నీ కుక్కల పేర్లు నిలబడాలని నువ్వే గదా అంటివి. పదమూడు నిజమే రాసినాము. వేలిముద్ర ఎయ్యి."

ఆమె ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయింది. అది ఆమెకు ఎంత కావాలో నాకు తెలుసు. నిద్ర పట్టక ఏళ్ళతరబడి వేళ్ళమీద తిప్పుకున్న పేర్లన్నీ మొట్టమొదటిసారి నల్లగా, వరసగా కళ్ళముందు ఉన్నాయి. ఒక బొటనవేలి దూరంలో ఉన్నాయి.

"ఒకటి అబద్ధమైతే కడమ పదమూడూ ఎవురు నమ్ముతారప్పా?" అంది, నెమ్మదిగానే. "రేపు నా ఇంటికి పిల్ల కోసం వచ్చినోనికి ఏ పేరు చెప్పాల? ఆడొకటి, ఈడొకటి చెప్పాల్నా? ఇయ్యన్నీ దాని పాలు తాగిన వంశం. పిల్లల్ని పెట్టుకుని దాన్ని తీసేస్తామంటే ఎట్ల? కొట్టెయ్యి ఆ రాణిని. దొరకు ఉండేది ఉన్నట్టు చెప్పు."

రాణి మీద గీత కొట్టి, చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా మింగలేదు. నేనే పేరు కల్పించానని కూడా చెప్పాను. దొర నన్ను చూసిన చూపు ఇక్కడ రాయనవసరం లేదు. తరవాత ఆమె వైపు తిరిగి, ఆ ఎర్రకుక్క ఎలా ఉండేదని అడిగాడు. ఆమె చెప్పింది, నేను ఇంగ్లీషు చేశాను, సగం చెవితో సహా. ఆయన అంతా విని కలానికి మూత పెట్టాడు. కుక్క మంచిదే, బహుమతి దానిదే, కానీ పుట్టుక తెలియనిది గడిలో ఉంటే పుస్తకం ఒప్పుకోదన్నాడు. ఫారం మడిచి నా చేతికిచ్చాడు.

సాయిబు కుక్కను జట్కా ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. అవ్వను తెచ్చింది తనేనన్న సంగతి కూడా మర్చిపోయాడు.

బస్సు దగ్గరికి ఆమెను నేనే తీసుకెళ్ళాను. ఆమె మూట విప్పి జొన్నరొట్టె సగం విరిచి నాకిచ్చింది. నేను దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"బాధగా ఉందా అవ్వా?" అన్నాను.

"ఉండాది. ఎందుకుండదు?" కాసేపు నమిలింది. "గుడిలో పాస్టరుగారు సదివే ప్రభువు వంశావళిలో గూడా బయటినుంచి వచ్చిన ఆడబిడ్డ ఉండాదప్పా. పొట్ట చేతబట్టుకుని వచ్చింది పాపం. అంత పెద్ద వంశంలో ఆమె పేరు ఎవురూ కొట్టెయ్యలేదు." నా రొట్టె చూసి, "తిను. నువ్వు చెడ్డోనివి కాదు. బెదురు ఎక్కువ, అంతే" అంది.

నా గురించి ఇంతవరకు ఎవరిచ్చిన సర్టిఫికెట్టూ ఇంత సరిగ్గా లేదు.

ఇక సాయిబు ఆమె ముఖం చూడడనుకున్నాను. నాలుగు నెలలు నాతోనూ మాట్లాడలేదు. ఒకరోజు ఆసుపత్రికి వచ్చి నా బల్ల ముందు నిలబడి, ఎటో చూస్తూ, "ఏమప్పా, బస్సు ఉండాది. వేంపల్లెకు పోదామా" అన్నాడు.

దారిలో చెప్పాడు. డేరాలో జరిగింది ఊరూరా పాకిందట. వేటగాళ్ళు వరసగా ఆయన కొట్టుకు వస్తున్నారట. పులివెందుల నుంచి వచ్చిన ఒకాయన జొన్నోణ్ణి చూసి, "పుస్తకం చేతికొచ్చినాక గూడా ఆ ముసలామె లేని పేరు చెప్పలేదంట గదా. అట్లయితే ఈ కుక్క గురించి చెప్పినవన్నీ నిజమే" అని, తన ఆడకుక్కకు దీన్నే జత కట్టించమని బతిమాలాడట. "నేను ఎర్రకార్డు సూపిస్తే వాళ్ళు దాని పక్క గూడా సూడరప్పా. కరువు మునిమనవడు ఇదేనా అని అడుగుతాండారు" అన్నాడు సాయిబు. కోపమో సంతోషమో ఆయనకే తెలిసినట్టు లేదు.

అవ్వ పందిరి కింద తంగేడు మళ్ళీ ఈని ఉంది. సాయిబు ఒక ఆడపిల్లను అడిగాడు. ఆమె పాత సంగతి ఎత్తలేదు. నేలమీద కూర్చోబెట్టింది, తంగేడును వదిలింది. అది ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి పడుకుంది. ప్రశ్నలు అయ్యాయి. ఆయన లేచి నిలబడి, టోపీ సర్దుకుని, "మసి బిడ్డ తంగేడు, తంగేడు బిడ్డ ఇది" అన్నాడు.

"మొదలు నుంచి" అంది అవ్వ.

పిల్ల ఆమె ఒళ్ళో ఉంది. ఎదురింటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. నిలువెత్తు బండలు ఎత్తించే మనిషి, ఆ ఒక్క మాట ఎత్తడానికి తంటాలు పడుతున్నాడు. ఆమె తొందరపెట్టలేదు. పిల్ల చెవిలో ముల్లు ఏమైనా ఉందేమోనని చూస్తూ కూర్చుంది.

"కరువు" అన్నాడు సాయిబు చివరికి. "బండి వెనకాల వచ్చింది. సగం చెవి లేదు. కరువు బిడ్డ మసి, మసి బిడ్డ తంగేడు, తంగేడు బిడ్డ ఇది."

ఆమె లేచి పిల్లను ఆయన పైగుడ్డలో పెట్టింది.

తిరిగి వస్తుంటే సగం దారిలో ఆయన నన్ను ఇంకో ఫారం రాయమన్నాడు. ఈ పిల్ల పేరు మీద, పద్నాలుగు గడులూ ఉన్నవి ఉన్నట్టు. తిరిగొస్తుంది సాయిబుగారూ అన్నాను. వస్తే రానీ అన్నాడు. రాశాను. చివరి గడిలో 'కరువు, ఎర్రది, దారిన వచ్చినది, పుట్టుక తెలియదు' అని ఇంగ్లీషులో స్పష్టంగా రాశాను. మళ్ళీ పల్లెకు తీసుకెళితే అవ్వ దానిమీద బొటనవేలు గట్టిగా అద్దింది.

మద్రాసుకు పంపితే నెల తిరగకముందే తిరిగొచ్చింది. ఆ గడి మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత ఉంది, పక్కన ఇంగ్లీషులో 'చెల్లదు' అని ఒక ముక్క. ఆదివారం దాన్ని పట్టుకుని వెళ్ళి అవ్వకు చూపించాను. ఏమని చెప్పాలో దారంతా వెతుక్కుంటూనే ఉన్నాను.

ఆమె కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని, "దాని పేరు యాడుండాది?" అంది. చూపించాను. ఎర్రగీత మీద వేలు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెల్లగా నిమిరింది. కోపం లేదు ఆ ముఖంలో. మద్రాసులో ఉన్న ఆ పెద్దమనుషుల మీద జాలి ఉంది.

"పాపం, వాళ్ళు దాన్ని సూళ్ళేదు గదప్పా" అంది.